యుగంధర్ మా ఊరికి వస్తే...

(బి.ఎస్సీ. తృతీయ సంవత్సరం విద్యార్థి, ఆలేరు)

డిటెక్టివ్ నవల చదివే విద్యార్థిని చూస్తే మన పెద్దలకు జాలి, మన కవి మిత్రులకు చిన్నచూపు. హాస్టల్లో నా మంచం కింద నుంచి కొమ్మూరి సాంబశివరావు నవల ఒకటి బయటపడ్డ రోజున నా గది మిత్రుడు, "ఇంకా ఇవి చదివేటోళ్ళు ఉన్నరా?" అని ముక్కు మీద వేలు వేసుకున్నాడు. ఉన్నారు, నేనున్నాను. అయితే ఈ వ్యాసం డిటెక్టివ్ నవలలను వెనకేసుకు రావడానికి రాయడం లేదు. వాటి మీద నాకొక పాత కోపం ఉన్నది. ఆ కోపం ఎక్కడినుంచి వచ్చిందో చెప్పాలంటే మా మేనత్త సంగతి చెప్పాలి. దానికంటే ముందు నవలల సంగతి.

మా పెదనాయిన ట్రంకు పెట్టెలో పంచాంగాల కింద నలభై దాకా డిటెక్టివ్ నవలలు ఉండేవి. అట్టలు లేనివి కొన్ని, చివరి పేజీలు లేనివి కొన్ని. చివరి పేజీలు లేని డిటెక్టివ్ నవల ఎంత హింసో అనుభవించిన వారికే తెలుసు! ఆ పెట్టెలోనే నాకు డిటెక్టివ్ యుగంధర్, అతని అసిస్టెంట్ రాజు, ఇన్‌స్పెక్టర్ స్వరాజ్యరావు పరిచయమయ్యారు. ఆరుద్ర వంటి కవి కూడా 'పలకల వెండిగ్లాసు' వంటి అపరాధ పరిశోధక నవలలు రాశాడని తెలిసింది కూడా అప్పుడే. కవి మిత్రులు దయచేసి గమనించాలి.

ఆ నవలల్లో ఒక రకం ఉన్నది. ఎప్పుడో జరిగిన నేరం, పోలీసులు మూసేసిన ఫైలు. ఏళ్ళు గడిచాక ఎవరో ఒక ఆడకూతురు కన్నీళ్ళతో డిటెక్టివు గడప తొక్కుతుంది. ఇంగ్లీషువాళ్ళు దీన్ని 'కోల్డ్ కేసు' అంటారు. చల్లారిన కేసు అని మనం అనుకోవచ్చు. అగాథా క్రిస్టీ 'ఫైవ్ లిటిల్ పిగ్స్' అనే నవలలో పదహారేండ్ల కిందటి హత్యను పాయిరో అయిదుగురు మనుషుల జ్ఞాపకాలతోనే తేల్చేస్తాడు. జోసెఫీన్ టే 1951లో రాసిన 'ది డాటర్ ఆఫ్ టైమ్'లో డిటెక్టివు ఆసుపత్రి మంచం దిగకుండానే అయిదు వందల ఏండ్ల కిందటి రాజుగారి మీద పడ్డ హత్యానింద నిజమా కాదా అని విచారిస్తాడు. మంచి పుస్తకాలే, కాదనను. కాని వీటన్నింటికీ ఒక నమ్మకం ఆధారం. నిజం ఎక్కడో ఒకచోట చెక్కు చెదరకుండా ఉంటుందనీ, తెలివైనవాడు వచ్చి అడగడమే తరువాయి అనీ. సాక్షికి పదహారేండ్ల కింద తలుపు ఏ పక్కకు తెరుచుకున్నదో కూడా యాదికుంటది! మా ఊళ్ళె మొన్న సంతకు ఎవరొచ్చారో అడిగితే ముగ్గురు మూడు తీర్లు చెప్తారు.

సరే, యుగంధర్ నిజంగా మా ఊరికి వచ్చాడే అనుకుందాం. ఏ హక్కుతో ఫైలు అడుగుతాడు? నవలలో స్వరాజ్యరావే ఫోను చేసి పిలుస్తాడు గనుక మనకు ఆ ప్రశ్న ఉదయించదు. మన దేశంలో ప్రైవేటు డిటెక్టివులకు ప్రత్యేకమైన చట్టమే లేదు. 2007లో ప్రైవేటు డిటెక్టివ్ ఏజెన్సీల నియంత్రణకు రాజ్యసభలో ఒక బిల్లు పెట్టారు గాని అది చట్టం కాలేదు. లైసెన్సు లేదు, నేరం జరిగిన చోటికి పోయే అధికారం లేదు, సాక్షిని పిలిచే అధికారం అంతకంటే లేదు. హైదరాబాదులో బోర్డులు కట్టుకున్న డిటెక్టివులకు ముఖ్యమైన పని పెండ్లి సంబంధాల ఆరా. పిల్లవాడు తాగుతాడా, అమెరికాలో నిజంగా ఉద్యోగం ఉన్నదా – ఇవి వాళ్ళ మిస్టరీలు. మల్లాది వెంకటకృష్ణమూర్తి నవల 'చంటబ్బాయ్'ని 1986లో జంధ్యాల సినిమా తీస్తే చిరంజీవి వేసిన డిటెక్టివు పాత్రను చూసి జనం నవ్వుకున్నారంటే ఊరికే కాదు. మన వీధుల్లో ప్రైవేటు డిటెక్టివు నిలబడితే నవ్వే వస్తది.

ఇక మా అత్త సంగతి.

2016 వానాకాలంలో మా మామ, అంటే మేనత్త భర్త, పొద్దుగూకే యాళ్ళకు "బాయికాడికి పోయొస్త" అని చెప్పి టీవీఎస్ బండి మీద బయలెల్లాడు. మా దిక్కు బాయికాడికి అంటే పొలానికి అని అర్థం. తిరిగి రాలేదు. రెండో నాడు బండి రైల్వేస్టేషను బయట వేపచెట్టు కింద దొరికింది. తాళంచెవి బండికే ఉన్నది. అప్పుడు నేను ఆరో తరగతి. కంప్లయింటు ఇచ్చారు, కాగితం మీద రాసుకున్నారు. ఆ స్టేషను పేరు, అక్కడి మనుషుల పేర్లు ఇక్కడ అనవసరం. ఎక్కడైనా ఇంతే అయ్యేదేమో. అప్పులున్నయా అని అడిగారు. ఎవుసం చేసే ఇంట్ల అప్పు లేకుండ ఎట్లుంటది? ఇంట్ల కొట్లాట అయిందా అని అడిగారు. ఆ తరవాత ఊరు తన సొంత దర్యాప్తు మొదలుపెట్టింది. "ఎవతెతోనో పోయిండు," "బొంబాయిల ఉన్నడట," "ఆమె నోటికి జడిసి పోయిండు". కేసు చల్లారడం అంటే ఏమిటో నాకు అర్థమైంది అప్పుడే. ఫైలు మీద దుమ్ము పడడానికి ముందే, ఊరు ఒక కారణం అనుకొని నిమ్మళపడుతుంది.

2018 మే నెలలో రైతుబంధు చెక్కులు పంచారు. ఎకరానికి నాలుగు వేలు. రెండెకరాల ఇరవై గుంటలకు మామ పేరు మీద పదివేల చెక్కు వచ్చింది. తీసుకోవడానికి మనిషి ఏడి? అత్త పొద్దుటినుంచి లైన్లో నిలబడి, "ఆయనే రావాలమ్మా" అనిపించుకొని ఇంటికొచ్చి, ఏమీ అనకుండా బియ్యం ఏరుకుంటూ కూచున్నది.

ఆ ఎండకాలం సెలవుల్లోనే నేను ట్రంకు పెట్టె తెరిచింది. పదమూడేండ్ల వయసు. నాలుగు నవలలు చదివేసరికి మామ కేసు నేనే తేల్చాలని నిశ్చయించుకున్నాను. రెండు వందల పేజీల నోటుబుక్కు ఒకటి పెట్టి, అనుమానితుల పట్టిక రాశాను. గెట్టు పంచాయితి ఉన్న పాలోళ్ళు. అప్పిచ్చిన ఎరువుల దుకాణం సేటు. ఆఖరుసారి మామతో చాయ తాగిన దోస్తు. అయితే నవలలు నాకు నేర్పిన మొదటి సూత్రం ఒకటుంది కదా! ఎవరి మీద అనుమానం రాదో వాళ్ళే చేసి ఉంటారు. అందుకని పట్టికలో మొదటి పేరు మా అత్తది రాశాను. ఎదురుగా 'కారణం' అన్న చోట 'భూమి' అని రాశాను.

ఆ పుస్తకం అత్తకు దొరికింది. ఆమె ఏడో తరగతి దాకా చదివింది. నెమ్మదిగా, వేలు పెట్టుకొని చదువుతది. చదివినంక నన్ను కొట్టలేదు, బాపుకు చెప్పలేదు. "గదేంది కొడుకా, నా పేరు మొట్టమొదలే రాసినవు? పోలీసోళ్ళు గూడ రెండో మాటకు గదే అడిగిన్రు," అన్నది. అంతే. ఆ సాయంత్రం నాకు అన్నం ఎప్పటిలాగే పెట్టింది.

డిటెక్టివ్ నవల మీద నా కోపం అక్కడ మొదలైంది. నవలలో అందరినీ అనుమానించడం మనకు ఆట. రెండు గంటల తరవాత దోషి ఒక్కడు తేలుతాడు, తక్కినవాళ్ళందరూ కడిగిన ముత్యాల్లాగా లేచి వెళ్ళిపోతారు. చల్లారిన కేసులో ఆ ఆఖరి అధ్యాయం రాదు. అనుమానితులు అనుమానితులుగానే ముసలివాళ్ళవుతారు. మా పాలోళ్ళు ఇప్పటికీ మా ఇంటి ముందు నుంచి పోతుంటే తల తిప్పుకుంటారు. వాళ్ళ తప్పేమీ లేకపోవచ్చు. లేదని మాత్రం ఎవరు చెప్పాలి?

2019 ఏప్రిల్ నెల ఆఖరున మా జిల్లాలోనే, బొమ్మలరామారం మండలం హాజీపూర్‌లో జరిగింది మీ అందరికీ తెలుసు. బడినుంచి ఇంటికి వస్తూ ఒక తొమ్మిదో తరగతి పిల్ల కనిపించకుండా పోయింది. పాడుబడ్డ వ్యవసాయ బావిలో శవం దొరికింది. నిందితుణ్ణి పట్టుకొని విచారించాక, అదే సంవత్సరం మార్చి నుంచి కనబడని ఒక డిగ్రీ విద్యార్థిని అవశేషాలూ, ఆపైన మరో బావిలోనుంచి 2015 ఏప్రిల్‌లో మాయమైన పదకొండేండ్ల పిల్ల ఎముకలూ బయటకు వచ్చాయి. నాలుగేండ్లు! ఆ నాలుగేండ్లూ ఆ తల్లిదండ్రులు ఏ బావి పక్క నుంచి ఎన్నిసార్లు నడిచి ఉంటారో. 2020 ఫిబ్రవరి 6న నల్లగొండలోని ప్రత్యేక కోర్టు నేరస్థుడికి ఉరిశిక్ష వేసింది.

ఇక్కడ సుప్రీంకోర్టు 2013 మే 10న చెప్పిన మాట ఒకటి చెప్పాలి. పిల్లలు తప్పిపోయారని ఫిర్యాదు వస్తే వెంటనే ఎఫ్.ఐ.ఆర్. కట్టాలి, వేరే సంగతి రుజువయ్యేదాకా అది అపహరణో మనుషుల అక్రమ రవాణానో అనే భావించాలి అన్నది ఆ ఉత్తర్వు. అంటే చట్టం కూడా మొదట చెడునే అనుకొమ్మన్నది. మనమేమో ఆడపిల్ల అయితే 'లేచిపోయింది', మగవాడైతే 'అప్పులకు పారిపోయిండు' అని ముందే అనుకుంటాం. 2015లోని ఆ పిల్ల జాడ అప్పుడే తెలిసి ఉంటే 2019లో ఇద్దరు బతికి ఉండేవారేమో! చల్లారిన కేసు అంటే గడిచిపోయిన సంగతి అని నవలలు నేర్పాయి. హాజీపూర్ చూశాక అది ఇంకా జరుగుతున్న సంగతేనని తెలిసింది.

ఆ వార్త టీవీలో వచ్చిన మూడో నాడు అత్త మా బాపును పిలిచి, "అన్నా, మన దిక్కు బాయిలు గూడ సూడున్రి," అన్నది. మూడేండ్లలో ఆమె నోటినుంచి మామ లేడేమో అన్న మాట అదే మొదటిసారి, అది కూడా ఆ రూపంలో.

మీలో పట్నం మిత్రులకు పాడుబడ్డ బాయి అంటే తెలియకపోవచ్చు. మా తాత కాలంలో మోట కొట్టిన బాయిలు ఇవి. ముప్ఫై నలభై అడుగుల లోతు, రాతి కట్టడం, దిగడానికి అంచున మెట్లు. తరవాత కరెంటు మోటార్లు వచ్చినయి. ఆ తరవాత బోర్లు వచ్చి నీళ్ళు మూడు వందల అడుగుల కిందికి పోయినయి. బాయిలు ఎండినయి. పూడ్చాలంటే వందల ట్రాక్టర్ల మట్టి, ఆ ఖర్చు ఎవరు పెట్టాలి? అందుకని చుట్టూ సర్కారు కంప పెరిగి, దగ్గరికి పోతే తప్ప బాయి ఉన్నదని తెలియదు. ఒకప్పుడు ఊరంతా పొద్దున్నించి సాయంత్రం దాకా మసలిన చోటు, ఇప్పుడు ఎవరూ తొంగిచూడని చోటయింది. ఊళ్ళోకెల్లా ఎక్కువ మనుషులు తిరిగిన జాగనే ఏదన్నా దాచిపెట్టడానికి ఎక్కువ అనువుగా మారడం, ఇది ఏ నవలాకారుడికీ తట్టలేదు.

బాపు, ఇంకో ఇద్దరు కలిసి ఆ ఆదివారం రెండు బాయిలు దిగారు. నేను పైనుంచి బ్యాటరీ లైటు పట్టుకున్నాను. మొదటి దాంట్లో సిమెంటు సంచులు, పగిలిన సీసాలు. రెండో దాంట్లో మట్టిలో బొక్కలు కనిపించాయి. బాపు ఒక్క మాట మాట్లాడలేదు. తట్టలో పెట్టి పైకి పంపించాడు. నేను ఆ తట్టను చూసిన తీరు, అత్త కంప అవతల నిలబడి ఆ తట్టను చూడకుండా నా ముఖాన్ని చూసిన తీరు నేను మరిచిపోలేను. గొర్లు కాసే తాత ఒకాయన దగ్గరికొచ్చి, ఒక బొక్క చేతిలోకి తీసుకొని, "మేక," అన్నాడు. అత్త అక్కడే కూలబడి ఏడ్చింది. సంతోషానికో దుఃఖానికో నాకు ఇప్పటికీ తెలియదు, ఆమెకూ తెలిసి ఉండదు.

నేను బి.ఎస్సీ.లో చేరి జన్యుశాస్త్రం చదవడానికి ఆ తట్టకూ సంబంధం ఉన్నదని ఒప్పుకుంటాను. ఆనాడు బొక్కను చూసి తాత చెప్పింది అనుభవంతో. మనిషి ఎముకే అయితే ఎవరిదని ఎవరు చెప్తారు? ఆ విద్య మన ముంగిట్లోనే ఉన్నది. హైదరాబాదులోని సి.సి.ఎం.బి.లో లాల్జీ సింగ్ 1980లలోనే డి.ఎన్.ఏ. వేలిముద్రల పద్ధతిని మన దేశానికి తెచ్చాడు. ఎముకలో, పంటిలో ఏండ్ల తరబడి డి.ఎన్.ఏ. నిలుస్తుంది. కణ కేంద్రకంలోది పాడైపోయినా మైటోకాండ్రియాలోది ఒక్కో కణంలో వందల ప్రతులుంటుంది కాబట్టి మిగిలే అవకాశం ఎక్కువ. అది తల్లి నుంచి బిడ్డలకు వస్తుంది. వై క్రోమోజోము తండ్రి నుంచి కొడుక్కు వస్తుంది. అంటే మా బావ దవడ లోపల దూదిపుల్లతో ఒకసారి రుద్దితే చాలు, మా మామది సగం చిరునామా దొరికినట్టే. మిగతా సగం దేనితో పోల్చాలి? చిక్కంతా అక్కడే.

మామ బండి రైల్వేస్టేషను బయట దొరికింది అన్నాను కదా. కాజీపేట నుంచి సికింద్రాబాదు దాకా ఆ పట్టాల పొడుగునా గుర్తుతెలియని శవం దొరికితే అది రైల్వే పోలీసుల ఫైలు. మనిషి తప్పిపోయిన కంప్లయింటు ఊరి పోలీసుల ఫైలు. ఈ ఫైలుకు పేరుంది, మనిషి లేడు. ఆ ఫైలులో మనిషున్నాడు, పేరు లేదు. రెండు ఫైళ్ళు ఎదురెదురుగా కూర్చోబెట్టేవాడే నిజమైన డిటెక్టివు. 2019లో వచ్చిన 'ఏజెంట్ సాయి శ్రీనివాస ఆత్రేయ' సినిమా పట్టాల పక్క దొరికే అనాథ శవాల దగ్గరే మొదలవుతుంది. మన తెలుగు డిటెక్టివు కథ సరైన చోట కాలు పెట్టింది అక్కడేనని నా అభిప్రాయం. తరవాత సినిమా సినిమా దారిన పోయింది, అది వేరే మాట.

పోలీసుస్టేషన్లన్నిటినీ కంప్యూటరుతో కలిపే పథకం 2009లోనే మంజూరయింది. కాని రాతలను కలపడం వేరు, రక్తాన్ని కలపడం వేరు. 2019లో పార్లమెంటులో పెట్టిన డి.ఎన్.ఏ. బిల్లులో తప్పిపోయినవారికి ఒక సూచిక, గుర్తుతెలియని మృతులకు ఒక సూచిక ఉండాలని రాశారు. నాకు కావలసింది సరిగ్గా అదే! 2023లో ఆ బిల్లును వెనక్కి తీసుకున్నారు. అందరి జన్యు వివరాలు సర్కారు చేతిలో పెడితే ప్రమాదమని అభ్యంతరాలు వచ్చాయి. అవి కొట్టిపారేసేవి కావు, నాకూ ఆ భయం ఉన్నది. అమెరికాలో 1970లు, 80లలో నేరాలు చేసినవాణ్ణి 2018లో దూరపు చుట్టాల డి.ఎన్.ఏ. ఆధారంగా పట్టుకున్నారు. ఆ చుట్టాలు వంశవృక్షం తెలుసుకుందామని ఇచ్చిన వివరాలవి! కాని అనుమానితుల సూచిక వేరు, తమంతట తాము వచ్చి "మా మనిషిని వెతకండి" అని నమూనా ఇచ్చే కుటుంబాల సూచిక వేరు. మొదటిదాని మీద ఎన్నేండ్లయినా వాదించుకోవచ్చు. రెండోదాన్ని దానితో కట్టేసి రెంటినీ కలిపి అటకెక్కించడం ఏం న్యాయం?

ప్రపంచంలో మొట్టమొదటి వేలిముద్రల బ్యూరో 1897లో కలకత్తాలో పెట్టారు. ఆ వేలిముద్రలను వర్గీకరించే లెక్క కట్టింది అజీజుల్ హక్, హేమచంద్ర బోస్ అనే మనవాళ్ళు. పేరు మాత్రం దొర హెన్రీకి దక్కింది. అటువంటి దేశంలో ఒక బావి ఎముకకు పేరు దొరకడం అంత కష్టమా?

నవలలు రాసే మిత్రులు మన సంఘంలో ఉన్నారని తెలుసు కనుక ఒక విన్నపం. చల్లారిన కేసు మీద నవల రాయండి. కాని క్రిజ్లర్ కారులో డిటెక్టివును దింపకండి. మా దిక్కు ప్రైవేటు డిటెక్టివు అంటే ఫోటో ఒకటి కొంగున కట్టుకొని, భువనగిరి, జనగామ, కాజీపేట స్టేషన్ల ప్లాట్‌ఫారాల మీద చాయ అమ్మేవాళ్ళకు చూపించి అడిగే ఆడమనిషి. ఫీజు లేదు, అసిస్టెంటు లేడు. ఎప్పుడన్నా సెలవుల్లో నేను వెంట పోతాను. ఆమె అడిగే పద్ధతి యుగంధర్‌కు కూడా రాదు. ముందు వాళ్ళ పిల్లల మంచిచెడ్డలు అడుగుతది, చాయ తాగి పైసలిస్తది, పోయేముందు ఫోటో తీస్తది.

సాక్ష్య చట్టంలో ఒక ఏర్పాటు ఉన్నది. ఏడేండ్లపాటు ఒక మనిషి గురించి, బతికుంటే సహజంగా తెలియవలసినవాళ్ళకు ఏమీ తెలియకపోతే, బతికే ఉన్నాడని అనేవాళ్ళే దాన్ని రుజువు చేయాలి. మామ పోయి ఏడేండ్లు 2023లోనే నిండినయి. కోర్టులో దావా వేసి డిక్రీ తెచ్చుకుంటే చావు సర్టిఫికెట్టు వస్తది, దాంతో విరాసత్ అయి భూమి అత్త పేరు మీదికి ఎక్కుతది. బావ ప్లీడరుతో మాట్లాడి కాగితాలన్నీ టైపు చేయించాడు. అత్త సంతకం పెట్టాలి. కిందటి దసరాకు ఇంటికి పోయినప్పుడు కాగితాలు దేవుని అర్రలో, పసుపు డబ్బా కింద అట్లాగే ఉన్నయి. నేను చదివి వినిపించాను. 'చనిపోయినట్లు ప్రకటించవలసిందిగా' అన్న చోట ఆపమని చెయ్యి ఎత్తింది.

"గీ మాట తీసేసి రాయరాదా?" అన్నది.

రాయరాదని ప్లీడరు చెప్పాడు. సంక్రాంతికి మళ్ళీ పోతున్నాను.